నేలబారు కారు

శ్రీవారికి,

ప్రేమతోనే రాస్తున్నాను. ఆ మాట ముందే చెప్పకపోతే, కింద రాయబోయేది చదివాక మీకు నమ్మకం కలగదు.

మీరు క్యాంపుకి వెళ్లిన మర్నాడు పొద్దున హోటల్‌కి ఇవ్వాల్సిన కేకు పెట్టె పట్టుకుని బయటికొస్తే, మన కారు కూర్చుని ఉంది. నిలబడి ఉండాల్సిన కారు కూర్చుని ఉంది! టైర్లలో గాలి పోయిందేమోనని వంగి చూశాను. గాలి నిండుగానే ఉంది, చక్రాలే సగానికి లోపలికి దూరిపోయాయి. వెనకాలే వచ్చిన అత్తయ్య కళ్లజోడు సర్దుకుని, "ఏమ్మా, దీనికి కూడా మోకాళ్ల నొప్పులొచ్చాయా?" అన్నారు.

"చిన్న సర్వీసింగ్ చేశాను, బండి ఇక పువ్వులా పోతుంది" అని కదా మీరు వెళ్తూ చెప్పింది! పువ్వు సంగతి వినండి. హోటల్ సెల్లార్‌లోకి దిగే వాలు దగ్గర కారు కడుపు నేలకు రాసుకుని గర్రుమంది. వాచ్‌మన్ ఏదో కూలిందనుకుని పరుగెత్తుకొచ్చాడు. వెనక సీట్లో అత్తయ్య ఒళ్లో ఉన్న మూడంతస్తుల కేకులో పై అంతస్తు జారి ఆవిడ గడ్డానికి ఆనుకుంది. "కంగారు పడకు, నేను పట్టుకున్నాలే" అన్నారు, క్రీములోంచే. హోటల్ వంటింట్లో ఓ మూల నిలబడి, వాళ్ల చాకే అడుక్కుని, మొత్తం మళ్లీ పూత పూశాను. మేనేజరు గారు చూస్తూ నిలబడ్డారు. నిమిషానికోసారి గడియారం చూసుకున్నారు. తిట్టేసినా బాగుండేది.

సెలవులో వచ్చిన నాలుగు రోజులూ మీరు మీ నేస్తం బక్కోడి కార్ల షెడ్డులోనే ఉన్నారు. అన్నానికి పిలిస్తే గ్రీజు చేతులతో వచ్చారు, అవే చేతులతో వెళ్లారు. నాతో బాల్కనీలో కూర్చుని ఒక్క కప్పు టీ తాగలేదు. ఏదో పనిలో ఉన్నారులే అని నేనూ ఊరుకున్నాను. ఆ పని ఇదా? ఏం చేశారో దాచకుండా రాయండి.

మీరు తవ్వే సొరంగం దగ్గర ఫోన్ పలకదు కాబట్టి బతికిపోయారు. మీ క్యాంపుకి డీజిల్ తెచ్చే లారీ అతనికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. జవాబు కూడా అతనికే ఇవ్వండి.

ఆరోగ్యం జాగ్రత్త. అది కూడా కోపంగానే అంటున్నాను.

మీ ఇంటావిడ

*

ప్రియమైన శ్రీమతికి,

ఉత్తరం అందింది. దానికంటే ముందు నీ కోపం అందింది. కవరు ముట్టుకుంటేనే తెలిసిపోయింది.

దాచడానికేముంది? స్ప్రింగుల్లో కొన్ని చుట్లు కోసి కారు ఎత్తు తగ్గించాను. ఎవరి చేతా కాదు, నేనే కోశాను. వెల్డింగు చేసే చెయ్యి కదా, గీత గీసినట్టు తెగింది. అందం సరే, లాభం కూడా ఉంది, విను. బస్సు మలుపు తిరిగితే పక్కవాళ్ల మీద పడతావు కదా? బండి బరువు పైనెక్కడో ఉండటం వల్ల ఆ ఒరుగు. అదే బరువు నేలకు దగ్గరగా ఉంటే బండి ఒరగదు, మలుపులో రోడ్డుని పట్టుకుని పోతుంది. పులి దూకేముందు ఎలా ఉంటుంది? వంగి ఉంటుంది. ఇన్నాళ్లూ మన కారు ప్యాంటు పైకి మడిచి బురద దాటేవాడిలా ఉండేది. ఇప్పుడు చూడు, ఎంత ఠీవిగా ఉందో!

స్పీడ్ బ్రేకర్ వస్తే ఏటవాలుగా ఎక్కించు, ఒక్కో చక్రం ఒక్కోసారి. రెండు వారాల్లో అలవాటైపోతుంది. కేకు ఒళ్లో కాకుండా కింద పెట్టు. అమ్మకి చెప్పు, కారుకి మోకాళ్ల నొప్పులు కాదు, వయసొచ్చిందని.

ఇక్కడ పని బాగానే సాగుతోంది. రాయి మాత్రం రోజురోజుకీ మొండికేస్తోంది. నువ్వు గుర్తొస్తున్నావు.

ప్రేమతో,
నీవాడు

*

మహారాజశ్రీ పులి గారికి,

పులినెక్కినవాళ్లు స్పీడ్ బ్రేకర్ దగ్గర దిగి నడుస్తారని నేనెక్కడా వినలేదు. మన ఇంట్లో నడుస్తున్నారు. ఏటవాలుగా ఎక్కించాను, మీరు చెప్పినట్టే. రోడ్డంతా నాదే అయింది. వెనక బస్సు హారను, ఆ వెనక లారీ హారను. అయినా అడుగున తగిలింది. చివరికి అత్తయ్యే ఉపాయం చెప్పారు. ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా ఆవిడ కేకుతో సహా దిగి, బరువు తగ్గిన కారుని నేను దాటిస్తే, అవతల మళ్లీ ఎక్కుతారు. మీ అమ్మగారు కేకు పట్టుకుని రోడ్డు మధ్య నడుస్తుంటే మనుషులు ఆగి చూస్తున్నారండీ! ఎదురింటి దర్జీ అయితే, "ఊరేగింపు ఎప్పుడు తిరిగొస్తుంది?" అని రోజూ అడుగుతున్నాడు.

సరే, నవ్వులాట చాలు. హోటల్ మేనేజరు గారు శని, ఆదివారాల కేకులన్నీ నాకే ఇస్తామంటున్నారు. మొదటిరోజు జరిగింది మర్చిపోలేదు పాపం. "రుచికి వంక పెట్టను. చెక్కు చెదరకుండా చేరాలి, ఒక నెల చూస్తాను" అన్నారు. ఇన్నేళ్లలో నాకొచ్చిన మొదటి పెద్ద పని ఇది. మీ కారేమో ఒక గుంతలో దిగితే తర్వాతి గుంత దాకా ఊగుతూనే ఉంటుంది. క్రీము గులాబీలు నీళ్లలో పూలలాగా తేలుతున్నాయి.

ఇంకొకటి. మలుపు తిరిగితే ఎడమవైపు వెనక చక్రం దగ్గర టంగుమంటోంది. అది నాకు నచ్చడం లేదు.

మామూలు స్ప్రింగులు వేయించేస్తాను. కారంటే మీకు ప్రాణమని తెలుసు కాబట్టి అడుగుతున్నాను. మీలాగా చెప్పకుండా చేయడం నాకు చేతకాదు. సరే అని ఒక్క ముక్క రాయండి.

విసుగుతో, ప్రేమతో (ఆ వరసలోనే),
మీ ఇంటావిడ

*

ప్రియమైన శ్రీమతికి,

ఆ టంగు కొత్తలో మామూలే. సర్దుకుంటుంది.

నువ్వు కేకు మీద గులాబీలు పెడతావు. అవి లేకపోయినా కేకు తియ్యగానే ఉంటుంది. ఎందుకు పెడుతున్నావని నేనెప్పుడైనా అడిగానా? పొద్దున్నుంచీ చీకట్లో ఇనుప కమ్మీలు అతికిస్తాను. బయటికొస్తే కళ్లలో దుమ్ము, చెవుల్లో హోరు. నాదంటూ ఒక్కటి, చూడగానే భలే ఉందే అనిపించేది ఉండాలనుకున్నాను. అంతే. ఇంత గొడవవుతుందని తెలిస్తే ముట్టుకునేవాణ్ణే కాదు.

సెలవుకి వచ్చినప్పుడు నేనే చూస్తాను. అప్పటిదాకా దాన్ని కదిలించొద్దు, ప్లీజ్.

నీవాడు

*

ఏమండీ,

రెండుసార్లు లారీ వచ్చి వెళ్లింది. ఉత్తరం రాయలేకపోయాను. తీరిక దొరకలేదు, చెయ్యీ ఆడలేదు.

శనివారం వంతెన దిగే మలుపులో వెనక చక్రం గుంతలో పడి లేచింది. టంగుమనలేదు ఈసారి, ధడేల్మంది. పొట్టిదైపోయిన స్ప్రింగు దాని చోటు వదిలి బయటికి జారింది. కారు ఎడమవైపు కూలబడి, నా చేతిలో స్టీరింగు ఉండగానే నా మాట వినకుండా వెళ్లి పేవ్‌మెంటు రాయిని గుద్దుకుంది. మెల్లగా వెళ్తున్నాను కాబట్టి సరిపోయింది. ఆ సమయానికి అక్కడ నడిచేవాళ్లు లేరు కాబట్టి సరిపోయింది.

అత్తయ్య రెండు చేతులూ కేకు పెట్టె చుట్టూ ఉన్నాయి. పట్టుకోవడానికి ఖాళీ చెయ్యి లేదు. కుడి మణికట్టు విరిగింది. కట్టు కట్టారు, నొప్పి తగ్గుతోంది. కంగారు పడకండి.

నా పెదవి చిట్లింది, అది మానిపోయింది. ఆవిడ నొప్పితో వణికిపోతూ, "వాడికి రాయకే, అంత దూరంలో బెంగపెట్టుకుంటాడు" అన్నారు. నేను రాస్తున్నాను. మీరు బెంగపెట్టుకోవాలి.

నేను

*

నా బంగారానికి,

ఇక్కడ పెద్ద ఇంజనీరు గారి కాళ్లావేళ్లా పడ్డాను. సొరంగం అవతలి వైపు తెరుచుకునేదాకా ఎవరికీ సెలవు లేదంటున్నారు. అన్నం సయించడం లేదు. అమ్మని చూడాలనుంది. నిన్ను చూడాలంటే భయంగా ఉంది.

ఇక ఆ కారు వద్దు. అమ్మెయ్, ఎవరికైనా ఇచ్చెయ్, పాత సామాన్లవాడు పట్టుకుపోయినా ఫర్వాలేదు. బాగు చేయించినా సరే, నువ్వు మాత్రం ఇక నడపొద్దు. కేకులు టాక్సీలో పంపు. లేదా కొన్నాళ్లు ఆ పని ఆపెయ్. నా మాట విను, ఈ ఒక్కసారి విను. మీరిద్దరూ క్షేమంగా ఉంటే నాకంతే చాలు.

అమ్మ చెయ్యి ఎలా ఉందో రాయి.

నీవాడు

*

శ్రీవారికి,

అన్నం తినండి. అత్తయ్య ఎడమచేత్తో భోంచేయడం నేర్చేసుకున్నారు. కట్టు మీద నా క్రీము గొట్టంతో పువ్వు వేయించుకున్నారు కూడా. ఆవిడ గురించి దిగులు లేదు.

మీ ఉత్తరం చదివి ముందు ఏడ్చాను, తర్వాత ఒళ్లు మండింది. కోసింది మీరు, మానాల్సింది నేనా? తలనొప్పి ఒకరిది, పట్టీ ఇంకొకరికి! ఒక్క మాటైనా చెప్పకుండా కారుని కిందికి దించారు, ఇప్పుడు అడగకుండానే నన్నూ కారులోంచి దించేస్తున్నారు. రెండుసార్లూ నన్నడిగారా?

బక్కోడు వచ్చాడు. గుమ్మం దగ్గరే నిలబడి, "కొయ్యొద్దని అన్నయ్యకి చెప్పా వదినా. కొలత ప్రకారం చేసిన పొట్టి స్ప్రింగులు తెప్పిద్దాం అన్నా. సెలవైపోతోందిరా అన్నాడు" అని నేలచూపులు చూశాడు. లోపలికి పిలిచి టీ ఇచ్చాను. మిమ్మల్ని తిట్టాల్సినవి వాణ్ణి తిట్టాను. పాపం, అన్నీ తాగేశాడు, టీతో సహా.

తర్వాత వాణ్ణే వెంటబెట్టుకుని వంతెన కింద మెకానిక్ దగ్గరికి వెళ్లాను. మామూలు ఎత్తుకి తెచ్చేయండి అన్నాను. ఆయన కారు కిందినుంచే, "ఎత్తు తగ్గించడం తప్పు కాదమ్మా. చెప్పు బిగుతైందని కాలు కోసుకుంటామా? స్ప్రింగు పొట్టిదైతే దానికి తగ్గట్టు ఊగుని ఆపే షాక్ అబ్జార్బరూ ఉండాలి, చక్రాలు మళ్లీ సరిచూడాలి" అన్నాడు. అలా సక్రమంగా దించిన బండి, అచ్చం మనలాంటిదే, ఆయన దగ్గర ఒకటుంది. "నడిపి చూడండి" అన్నాడు.

వద్దన్నాను. చెయ్యి మాత్రం తాళం కోసం ముందుకెళ్లింది.

అత్తయ్యని తీసుకెళ్లలేదు. అమ్ముడుపోని కేకొకటి ఇంటి నుంచి తెచ్చి వెనక సీట్లో పెట్టుకుని అదే మలుపు దగ్గరికి వెళ్లాను. మలుపు తిరిగాను. ఏమీ కాలేదు! కారు ఒరగలేదు, ఊగలేదు, తిప్పిన చోటికి తిరిగింది. మన కారులో ప్రతి మలుపుకీ కేకు ఓ మూలకి జారేది కదా, మీరు కోయకముందు కూడా? ఇది కదల్లేదు. ఆగి, దిగి, వెనక తలుపు తీసి చూశాను. గులాబీలు వేసినవి వేసినట్టే ఉన్నాయి.

కాబట్టి చెప్పేదేమిటంటే, మన కారుని కూడా దించేశాను. మీ అంత కాదు, బొటనవేలు మందం. కొత్త స్ప్రింగులు, కొత్త షాక్ అబ్జార్బర్లు, చక్రాలు, లైట్లు కూడా సరిచేయించాను. సెల్లార్ వాలు దిగుతుంది, స్పీడ్ బ్రేకర్లు దాటుతుంది, అత్తయ్య కూర్చునే ఉంటారు. అత్తయ్య పట్టిన పట్టుకి ఆ శనివారం కేకు కూడా చెక్కు చెదరలేదు కాబట్టి, మేనేజరు గారి నెల నిన్నటితో గట్టెక్కింది. వారాంతాలు నావే.

కారు అమ్మను. ఆపను. నేనే నడుపుతాను. మీకది భయమైతే భయపడండి, నేనూ ఇన్నాళ్లూ మీ సొరంగానికి భయపడుతూనే ఉన్నాను.

మీదంటూ ఒకటి అందంగా ఉండాలన్నారు. ఆ ఉత్తరం చాలాసార్లు చదివాను. అందులో తప్పేమీ లేదు. నాకు చెప్పకపోవడమే తప్పు. చెప్పి ఉంటే నేనూ షెడ్డుకి వచ్చి పక్కన స్టూలు మీద కూర్చునేదాన్ని. అవసరమైతే రెంచీ అందించేదాన్ని. ఎందుకు చెప్పలేదో ఉత్తరంలో రాయొద్దు. వచ్చి, ఎదురుగా కూర్చుని చెప్పండి.

ఒక సంగతి ఎవరికీ చెప్పకండి. ముఖ్యంగా బక్కోడికి. ఇవాళ ఆర్డర్లేమీ లేవు. అయినా కారు తీశాను. వంతెన ఎక్కాను, మలుపు దిగాను. కిందికెళ్లి వెనక్కి తిప్పి మళ్లీ ఎక్కాను, మళ్లీ దిగాను. ఇంటికొచ్చేసరికి అత్తయ్య, "ఎక్కడికెళ్లావమ్మా ఇంతసేపు?" అన్నారు. పాలకి, అన్నాను. ఆవిడ నా ఖాళీ చేతుల వంక చూసి, "పాలకేనా? మా అబ్బాయి కూడా ఇలాగే పాలకే వెళ్లేవాడు" అన్నారు.

ఇంకా కోపంలోనే ఉన్న,
మీ డ్రైవరు