దిరిసెన కాయలు ఎండే కాలం

ఉడతా,

నాన్న దీవించి రాస్తున్నది. మీ అమ్మా నేనూ బాగానే ఉన్నాం. ఏడేళ్ల కిందట నువ్వన్న మాట మాత్రం ఇంకా మరిచిపోలేదు. లారీ మీద కూలీలందరూ వింటుండగా, "మా నాన్న ఏ చెట్టయినా ఎక్కుతాడు, కాయలు గలగలమంటే మాత్రం పైప్రాణాలు పైనే పోతాయి" అన్నావు. అందరూ పడీ పడీ నవ్వారు. నేను ఎక్కనన్న చెట్టు నువ్వెక్కి కొమ్మలు కొట్టి దిగావు. కన్నకూతురివి కాబట్టి ఊరుకున్నాను, ఇంకొకరైతే దవడ పగిలేది.

సరే. నువ్వు అడిగినవాటికి జవాబులు. చెట్లెక్కేటప్పుడు కట్టుకునే నా పాత నడుం బెల్టు కావాలన్నావు, కుట్లు వదిలేశాయి, కొత్తది కొనుక్కో. అమ్మ మోకాలు అలాగే ఉంది. "అడగడం కాదు, వచ్చి నూనె రాయమను దాన్ని" అంటోంది.

ఆసుపత్రి వెనక కొట్టాల్సిన చెట్టు ఏమిటో తెలియడం లేదన్నావు. కాయ చూడవే. నల్లగా, గుండ్రంగా, కర్రల్లా వేలాడితే రేల. చిన్నప్పుడు నువ్వూ మీ అన్నయ్యా కత్తియుద్ధం చేసుకున్నవి తురాయి కాయలు. బంక చేతికి అంటితే నిద్రగన్నేరు. నువ్వు రాసినట్టు గడ్డిరంగులో, కాగితంలా పలచగా ఉండి, గాలి వీస్తే చెట్టంతా గోల చేస్తుంటే అది దిరిసెనే.

ఎక్కకు. విరిగే ముందు కొమ్మ కిర్రుమంటుంది కదా, అది విని పక్కకి జరగబట్టే ఇన్నాళ్లు బతికాను. దిరిసెన కాయలు ఎండాక ఆ గోలలో కిర్రుమన్నా వినబడదు. నాకు భయం కాయలంటే కాదే, వినబడకపోవడమంటే. అందరూ నవ్వుతుంటే ఆ మాట చెప్పబుద్ధి కాలేదు.

ఇంకోటుంది, ఇంతసేపూ రాయకుండా దాటేశాను. మొన్న కళ్లద్దాలకని మీ అమ్మతో అబద్ధమాడి, బస్సెక్కి ఆసుపత్రి వెనక ఆ చెట్టు దగ్గరికే వచ్చాను. చెప్పు తీసి మొదలు మీద కొట్టాను. డొల్ల. రేకుల కప్పు మీదికి వాలిన పెద్ద కొమ్మ ఉందే, నువ్వు ముందు కూర్చునేది దాని మీదే. మునివేళ్ల మీద లేచి అది పుట్టే చోట వేలు పెడితే మెత్తగా లోపలికి పోయింది, పొడి రాలింది. అంతలో నువ్వు మనుషులతో వచ్చావు. తాడు కొలుస్తూ ఈల వేస్తున్నావు. నేను గోడ చాటుకి తప్పుకున్నాను. పిలుద్దామని నోరు తెరిచాను కూడా. మళ్లీ నవ్వుతారని మూసుకుని బస్టాండుకి నడిచాను. ఇదీ మీ నాన్న పౌరుషం.

అప్పట్నుంచీ "కళ్లద్దాలేవండీ" అని మీ అమ్మ నా మొహంలోకే చూస్తోంది. కళ్లు మూస్తే నీ ఈల వినబడుతుంది. ఉన్నట్టుండి ఆగిపోతుంది.

శుక్రవారం కోత అన్నావు. మనిషి నిలబడే బుట్ట ఉన్న క్రేను తెప్పించమని గట్టిగా అడుగు, తేకపోతే ఆ పని వదిలెయ్యి. ఈ ఉత్తరం ఇచ్చిన వ్యాను డ్రైవరు గురువారం పొద్దున వెనక్కి బయలుదేరతాడు. అతని చేతికి "ఎక్కను" అని ఒక్క ముక్క రాసివ్వు. తిట్టి రాసినా పడతాను. గురువారం సాయంత్రానికి అది నాకు అందకపోతే ఆ రాత్రి బస్సుకే వస్తాను. నువ్వు తాడు తెచ్చేసరికి ఆ కొమ్మ కిందే కూర్చుని ఉంటాను. ఎంతమంది నవ్వినా లేవను.

ఇట్లు,
మీ నాన్న