రేడియేటర్ ముందు జాగా

అన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఇంజన్ జోరు పెంచడానికని నువ్వు కొని మంచం కింద పెట్టిన సూపర్‌చార్జర్‌ను పొద్దున టేకులపల్లిలో మన మెకానిక్ ఖాదర్ భాయి చేత జీపుకు బిగించాను.

“ఇంటర్‌కూలర్ గూడ పెట్టాల్నా? ఇది ఒత్తే గాలి వేడెక్కుతది. మీ అన్న లెక్క గట్టిగ తొక్కెటోళ్లకైతే ఆ గాలిని సల్లగ చెయ్యాలె. ఇప్పుడు నడిపేదెవరు?” అని అడిగాడు.

“నేనే భాయ్. నలభై దాటను.”

“గట్లయితే అక్కర్లేదు.”

నలభై దాటనివాడికి అసలు సూపర్‌చార్జర్ ఎందుకని అతడు అడగలేదు. అమ్మను దవాఖానాకు తీసుకుపోవడానికి పాత ఇంజనే చాలు.

ఇంటర్‌కూలర్ కోసం రేడియేటర్ ముందు నువ్వు కోసిపెట్టిన జాగా అట్లాగే ఉంది. రేకు కొట్టి మూసేస్తానన్నాడు.

వద్దన్నాను.