కనబడని రెండు కాలమ్స్

జనవరి 19, 2004. సోమవారం

బ్రెయిలీలో రాస్తున్నాను కాబట్టి ఈ డైరీకి తాళం అక్కర్లేదు. ఇంట్లో ఉండేది అమ్మ ఒక్కతే. ఆమెకు అక్షరాలే రావు, ఇక చుక్కలెక్కడ వస్తాయి.

ఈరోజు ఆఫీసులో మంచి పేరు తెచ్చుకున్నాను. సూపరింటెండెంట్ సుందరం సార్ ఫ్లాపీ ఒకటి పట్టుకొని నా టేబుల్ దగ్గరికి వచ్చాడు. కిందటేడు వికలాంగుల కోటాలో నాకొచ్చిన ఈ ఆపరేటర్ పోస్టుకు ఎవరెవరు పరీక్ష రాశారో ఆ లిస్టు కావాలని ఒకామె పైనుంచి ఆర్డరు తెచ్చుకుందట. ఆమెకూ చూపు లేదు, కాగితం ఇచ్చి లాభం లేదు. ఎక్సెల్ ఫైలు నీ మిషన్లో తెరుచుకుంటాదా మౌలాలీ అని అడిగాడు.

నా మిషన్లో బొమ్మలుండవు, మౌస్ ఉండదు. నల్ల తెర మీద ఉత్త అక్షరాలు. పక్కనున్న పెట్టె వాటిని ఇంగ్లీషులో గడగడా చదువుతుంది. ఎక్సెల్ దాంట్లో తెరుచుకోదు. కానీ ఒక కమాండ్ ఉంది. గళ్లన్నీ విప్పి, మధ్యలో కామాలు పెట్టి, మామూలు టెక్స్ట్ చేసి ఇస్తుంది. ఒక్క నిమిషం పని సార్ అన్నాను. ప్రొద్దుటూరు మొత్తానికి నీకొక్కనికే వచ్చునేమోప్పా అని మెచ్చుకున్నాడు. జమ్మలమడుగు ట్రైనింగ్ సెంటర్లో ప్రేమకుమారి అక్క నేర్పిందని చెప్పలేదు.

జనవరి 20. ఉదయం

ఆర్డరు తెచ్చుకున్నది ప్రేమకుమారి అక్కే. ఆ పరీక్ష ఇద్దరం పక్కపక్కనే కూర్చొని రాశాం.

జనవరి 20. సాయంత్రం

ఫైలులో పేర్లు, రోల్ నంబర్లు, ఊర్లు మాత్రమే ఉన్నాయని సార్ చెప్పాడు. ఆయన తెర మీద కనిపించేది అంతే. మిగతా రెండు కాలమ్స్ ఎవరో హైడ్ చేసి పెట్టారు. మనుషులకు కనబడకుండా దాచారు గానీ, నా కమాండ్‌కు దాచడం అంటే తెలియదు. మొత్తం విప్పి పోసింది.

ఎఫ్ కాలమ్ మార్కులు. జి కాలమ్ రిమార్క్స్.

ప్రేమకుమారి, ఎనభై ఒకటి, రిమార్క్స్ ఖాళీ. మౌలాలి, యాభై ఎనిమిది, పెద్దాయన మనిషి, సెలెక్ట్.

నాలుగుసార్లు చదివించుకున్నాను. పెట్టె నాలుగుసార్లూ ఒకే గొంతుతో చదివింది. నా తెలివితో సంపాదించుకున్నానని ఎనిమిది నెలలుగా టీ అంగడి దగ్గర కూడా చెప్పుకు తిరిగిన ఉద్యోగం ఇది.

జనవరి 21

అమ్మను అడిగాను. రొట్టెలు తట్టడం ఆపకుండానే చెప్పింది. పులివెందులకు దస్తగిరి మామను తానే పంపిందట. మామ అక్కడ మా వైపు ఫ్యాక్షన్ నాయకుడు పెద్దాయన దగ్గర డ్రైవరు. వాళ్ల మనుషులు గడ్డివామిలో దాచిన బాంబుకే గదా నీ కండ్లు పొయ్యింది, మీ నాయన టపాకాయ పేలిందని పోలీసులకు చెప్పి వాళ్లను కాపాడ్య, ఇన్నేండ్లకు ఒక్కటి అడిగితే తప్పేంది అంది. ఎవరి నోటికాడ కూడు లాక్కున్న్యామురా మనం అని నన్నే అడిగింది. అక్క నోటికాడది లాక్కున్నామని తెలిసే, ఆమె వేసిన రొట్టె తిన్నాను.

అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. వేముల దగ్గర మా ఊరు. పెద్దాయన మీద కోపం వస్తుందేమోనని చాలాసేపు కూర్చున్నాను. రాలేదు. ఉద్యోగం పోతుందేమోనని భయం మాత్రం వచ్చింది.

జనవరి 22

అక్కకు ఎక్సెల్ ఎందుకు సార్, టెక్స్ట్ చేసి పంపుదాం అన్నాను. సార్ సరే అన్నాడు. దాచినవి కూడా నాకు వినబడ్డాయని ఆయనకు తెలియదు. ఎఫ్, జి కాలమ్స్ కోసేసి, మిగిలింది కొత్త ఫ్లాపీలోకి ఎక్కించి జమ్మలమడుగుకు పంపాను.

ఎవరూ చెయ్యమనలేదు. నేనే చేశాను.

జనవరి 24. శనివారం

ఆఫీసుకు అక్క ఫోన్ చేసింది. పేర్లే ఉండాయి, మార్కులు లేవేందబ్బీ, నువ్వు తెరిసేటప్పుడు ఏమన్నా జారిపొయినాయా అని అడిగింది. ఫైలులో అంతే ఉందక్కా అన్నాను. ఎంత బాగా అన్నానో.

అప్పీలుకు ముప్పైయో తేదీ గడువట. మార్కులు తెలిస్తేనే వేస్తుందట. ఈ ఏడాదితో వయసు దాటిపోతుంది, ఇంక ఏ పోస్టుకూ పనికిరాను అంది. మళ్లీ తనే, నువ్వు సూసి చెప్పినాక ఇంగేముందిలే, నేనే సరిగా రాసిండను అంది.

జనవరి 27

నా బ్యాచ్‌మేట్ సలీం సెంటర్లోనే ఉంటాడు. వాడు ఫోన్ చేశాడు. అక్క స్ప్రెడ్‌షీట్ క్లాసు ఆపేసిందట. నాకే రాని పని ఇంగొకరికేం నేర్పిస్తా అనిందంట. శానా దిగులుగా ఉందిరా, ఒకతూరి వచ్చి మాట్లాడిపో అన్నాడు.

అక్కకు రాకపోవడమా! వేలు పట్టుకొని నాకు ఒక్కొక్క కీ చూపించిన మనిషి. రేపు సెలవు పెట్టి పోతాను. ఒరిజినల్ ఫ్లాపీ జేబులో పెట్టుకున్నాను.

జనవరి 28. బుధవారం

జమ్మలమడుగు రోడ్డులో తెల్లారుజామున ఒక పార్టీ మనిషిని నరికేశారు. బంద్. బస్సులు లేవు. ఎలక్షన్ల ముందర ఇంకెన్ని సూడాల్నో అని అమ్మ తలుపు గడియ పెట్టింది.

నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. ఒక మనిషి చచ్చిపోయాడని విని, ఈరోజుకు పోనక్కర్లేదు అనుకున్నాను. ఇది రాయకుండా వదిలేద్దామనుకున్నాను. రాశాను.

జనవరి 30. శుక్రవారం

పదకొండింటికి గాంధీగారి కోసం అందరం రెండు నిమిషాలు నిలబడ్డాం. ఫ్లాపీ జేబులోనే ఉంది. తర్వాత ఐదైంది.

జనవరి 31. శనివారం

పోయాను. అక్క నా చెయ్యి పట్టుకొని లోపలికి తీసుకుపోయింది, టీ ఇప్పించింది. ఇదే అసలు ఫైలక్కా, తెరువు అన్నాను. తనే కమాండ్ కొట్టింది. ఆమె పెట్టె కూడా అదే గొంతుతో మొత్తం చదివింది. ఎనభై ఒకటి దగ్గర ఆపి, మళ్లీ చదివించుకుంది. నా లైను ఒక్కసారే వినింది.

ఎప్పటినుంచి తెలుసు అని అడిగింది. పదకొండు రోజులుగా అన్నాను. కోసింది నేనేనని కూడా చెప్పాను. మామ సంగతి, బాంబు సంగతి చెప్పబోయాను. అవన్నీ వద్దులే అంది.

చల్లారిన టీ గ్లాసు పక్కకు జరిపింది. గడువు నిన్నటితో అయిపాయ గదా అంది. అవునన్నాను. నిన్న గూడా బస్సులు నిల్చిపొయినాయా అబ్బీ అని అడిగింది. కోపంగా కాదు. అవునంటే నమ్మేటట్టే అడిగింది.

కర్ర తీసుకొని వచ్చేశాను.

ఫిబ్రవరి 2. బక్రీదు

నడిచాయక్కా. అరగంటకు ఒకటి.