ఎలుక పన్ను, నీ రొట్టె

అమ్మా,

కందిమూటలు కొరికిన ఎలుకలను తిట్టి తిట్టి, చివరికి నన్నడిగేదానివి: "గీటి పండ్లు అరగవా బిడ్డ?"

నిన్న తాండూరులో, నా కాలేజీ క్లాసులో, అదే పాఠం చెప్పాను. అరుగుతాయి. కానీ ఎలుక ముందుపళ్ళ మొదట్లో మూలకణాలు బతికినన్నాళ్ళూ ఉంటాయి. ఎప్పుడు పెరగాలో, ఎప్పుడు ఆగాలో పక్క కణాలు వాటికి కబురు పెడుతుంటాయి. అరిగినంత మళ్ళీ వస్తుంది. మన పళ్ళకు ఆ ఏర్పాటు లేదు. ఎందుకు లేదని నువ్వైతే గొడవ పెట్టుకునేదానివి. నాకిప్పుడు గొడవకు కూడా ఓపిక లేదమ్మా.

ఇవాళ పెత్రమాస, పెద్దలకు పెట్టుకునే అమావాస్య. పొద్దున్నే షేర్ ఆటోలో మన పెద్దేముల్ వచ్చాను. నీకు పెట్టడానికి చెల్లెలు జొన్నరొట్టె చేసింది. విస్తట్లో పెట్టబోతుంటే నేను తీసుకుని, తుంచి పాలలో వేశాను. పళ్ళన్నీ ఊడాక నువ్వు అలాగే కదా తినేదానివి.

"సచ్చిపోయినంక గూడ పండ్లు రావా అక్కా?" అంది చెల్లెలు.

గిన్నెలో ఇంకొన్ని పాలు పోశాను. రొట్టె మెత్తబడేదాకా ఇద్దరం గిన్నె ముందే కూర్చున్నాం.