కారు చల్లిన కళ్ళాపి

సెప్టెంబర్ 3
మా అమ్మాయి నాగిసా శిక్షణకని ఉత్తరాదికి వెళుతూ తన హైడ్రోజన్ కారును మా వాకిట వదిలింది. తుపానులో కరెంటు పోతే దీని నుంచి ఇంట్లోకి తీగ లాగి వాళ్ళమ్మ ఆక్సిజన్ యంత్రాన్ని నడపవచ్చునట. నా భార్య కినుయోకు ఆ యంత్రం లేనిదే పూట గడవదు. పేలిపోదు కదా అన్నాను. "మీ కోపం కంటే నయమే నాన్నా" అంది. ఇంజనీరు.

సెప్టెంబర్ 4
జీవితమంతా ప్రాచీన పద్యాలు బోధించినవాణ్ణి. అమ్మాయి ఫోనులో చెప్పినదాన్ని నా రీతిలో రాసుకుంటున్నాను. ట్యాంకులోని హైడ్రోజన్ ఒక పలుచని పొరను చేరి రెండుగా విడుతుంది. ప్రోటాన్‌కు పొరలోంచి దారి ఉంది. ఎలక్ట్రాన్‌కు లేదు, అది తీగ వెంట చుట్టుతిరిగి పోవాలి. ఆ చుట్టుదారి ప్రయాణమే విద్యుత్తు. ఆవలి గట్టున, గాలిలోని ఆక్సిజన్ సన్నిధిలో, విడిపోయినవి కలిసి నీరవుతాయి. పాలపుంత ఏరై అడ్డుపడి ఏడాదికొక్క రాత్రి మాత్రమే కలుసుకునే నక్షత్ర దంపతులను ఏడో నెల పండుగలో మా ఊరి పిల్లలు వెదురుకొమ్మలకు కాగితాలు కట్టి తలుస్తారు. ఆ రాత్రి చినుకు పడితే వారి కన్నీరంటారు. ఇంజనీర్లు ఇంత కవిత్వం దాచుకున్నారని తెలియదు.

బ్రేకు వేసినప్పుడు వృథాగా పోయే వేగాన్ని ఒక చిన్న బ్యాటరీ దాచుకొని, ఎత్తెక్కేటప్పుడు తానూ ఒక చెయ్యి వేస్తుంది. అందుకే దీన్ని హైబ్రిడ్, అంటే జంట బలాల బండి, అంటారట. "ఆ బ్యాటరీ అచ్చం మీరే" అని కినుయో ఎద్దేవా చేసింది. "మెరక మీద ఊపుగా తోస్తారు, ఆనక చతికిలపడతారు. రోజంతా లాగేది నేనే."

సెప్టెంబర్ 7
కారు నడిచేటప్పుడు పుట్టిన నీరు దాని అడుగున చేరుతుంది. మీట నొక్కితే బయటికి పోతుంది. గేటు ముందు నొక్కాను. పక్కింటి ఒకిత్సుగారు చేపల బుట్ట దించి, "మాస్టారూ, మీ కారు ఉచ్చపోస్తోంది!" అని వీధంతా వినిపించేట్టు అరిచింది.

కినుయో నవ్వలేదు. తడిసిన నేలనే చూస్తూ నిలిచింది. వేసవి సాయంత్రాల్లో బొంగు గరిటెతో గేటు ముందు నీళ్ళు చల్లడం ఆమె పని. జబ్బు చేశాక నేను చల్లుతున్నాను. ఎడమవైపు పొడిగా వదిలేస్తానని రోజూ పేచీ.

సెప్టెంబర్ 11
తుపాను వస్తోంది. హైడ్రోజన్ పట్టించడానికి వెళ్ళాను. వెనుక కారులో ఒక చంటిపిల్ల తల్లి. మీరు ముందు అన్నాను. "అయ్యో, పెద్దవారు, మీరే ముందు" అంది. మర్యాదకు నేను వంగాను, ఆమె వంగింది, నడుమ స్టేషన్ ఉద్యోగి కూడా వంగాడు. చివరకు ఆమె నింపుకుంది. అప్పుడు చెప్పాడతను, యంత్రంలో ప్రెషర్ మళ్ళీ కూడాలంటే సమయం పడుతుందని. మూసే వేళకు నా ట్యాంకు సగమే నిండింది. రేపు స్టేషన్‌కు సెలవు.

"తుపానుకు కూడా 'మీరు ముందు' అనేశారా?" అంది కినుయో.

సెప్టెంబర్ 13, ఉదయం
కరెంటు పోయింది. తీగ లాగాను. యంత్రం ఒకసారి మూలిగి మళ్ళీ ఊపిరి తీసింది. ఆమె కూడా.

సెప్టెంబర్ 13, మధ్యాహ్నం
కారు అడుగున చుక్కలు పడుతున్నాయి. ఆ చప్పుడు వినబడినంతసేపూ కినుయోకు భయం లేదు. రోజూ చదివే బుద్ధుని సూత్రాలు మాని అదే వింటున్నాను.

సెప్టెంబర్ 14
దేవదారు చెట్లు కూలి దారి మూసుకుపోయింది. రావలసిన ఆక్సిజన్ సిలిండర్ల బండి రాలేదు. ఇంట్లో ఉన్న సిలిండరు ఒక పూటకే. ట్యాంకులో పావు మిగిలింది.

ఒకిత్సుగారు అన్నం వండుకోవడానికి ఒక తీగ ఇమ్మంది. కుక్కర్ విద్యుత్తును గటగటా తాగేస్తుంది. కుదరదన్నాను. కినుయో ముక్కు నుంచి గొట్టం తీసి ఒళ్ళో పెట్టుకుంది. "ఆవిడకు ఇచ్చేదాకా ఇది పెట్టుకోను. పక్కింట్లో పస్తులుంటే ఈ గాలి నాకు లోపలికి దిగదు." పెదవులు నీలమవుతున్నా పట్టు విడువలేదు.

తీగ ఇచ్చాను. వచ్చి గొట్టం మళ్ళీ ఆమె ముక్కుకు పెట్టాను.

సెప్టెంబర్ 15, ఉదయం
సూచికలో చివరి గీత. చుక్కకూ చుక్కకూ నడుమ ఎడం పెరిగినట్టుంది.

సెప్టెంబర్ 15, సాయంత్రం
ఒకిత్సుగారు అన్నమంతా ముద్దలు కట్టి, చెట్లు నరుకుతున్నవాళ్ళ దగ్గరికి మోసుకుపోయిందట. పెద్దరోడ్డు పనిలో ఉన్నారట వాళ్ళు. "తిన్నారు కదా, ఇక మా సందులోకి నడవండి! అక్కడో మనిషి ఊపిరి కారు మీద ఆధారపడి ఉంది" అని తరిమిందట. రంపాల చప్పుడు మా గేటు దాకా వచ్చింది. వెనకే సిలిండర్ల బండి.

కినుయో నా చెయ్యి పట్టుకొని నిద్రపోయింది. గొట్టాన్ని సిలిండరుకు మార్చాను కనుక కారు ఆపి వచ్చాను. చుక్కల చప్పుడు లేని ఇల్లు కొత్తగా ఉంది.

సెప్టెంబర్ 21
ఎండ కాసింది. స్టేషన్‌లో నా వెనుక ఎవరో కారు ఆపారు. తల తిప్పలేదు.

ఇంటికి వచ్చి గేటు ముందు మీట నొక్కాను. కినుయో ముక్కున గొట్టంతోనే గుమ్మం దాకా వచ్చింది. ఎడమవైపు పొడిగా ఉందంది.

కారు వెనక్కి తీశాను.