పట్టికలో లేని బరువు

ఉప్పల్,
8 మార్చి 1999

ప్రియమైన దానమ్మకు,

నా తమ్ముడి భార్యవు కాబట్టి ‘ప్రియమైన’ అని రాశాను. మిగతాదంతా ప్రయోగశాల తరఫున రాస్తున్నాను. ఎదురుగా మాట్లాడుకుంటే ఇద్దరం గొంతు పెంచుతాం. అందుకే ఉప్పల్ నుంచి నాచారానికి స్టాంపు అంటించాల్సి వచ్చింది.

బరువు తగ్గినవాళ్ల మీద మేం చేస్తున్న అధ్యయనం నుంచి నీ పేరు తీసేశాను. నిరుడు జూన్‌లో నువ్వు ఎనభై నాలుగు కిలోలు. నవంబరుకు అరవై ఆరు. ఆ బరువు నిలవడానికి రోజుకు పంతొమ్మిది వందల క్యాలరీల తిండి రాసిచ్చాం. అరవై ఆరు కిలోల మనిషికి అంతే ఖర్చవుతుందని పట్టిక చెబుతోంది. నిన్న తూచితే డెబ్బైన్నర. నీ తిండి పుస్తకంలో మాత్రం ఏ రోజూ పంతొమ్మిది వందలు దాటలేదు. తూకం అబద్ధం చెప్పదు. కాబట్టి పుస్తకమే చెబుతోంది.

చౌరస్తాలో బజ్జీల బండి దగ్గర నిన్ను మావాళ్లు చూశారు. తమ్ముడు సంజీవరావుకు అన్నీ చెప్పాను.

విక్టోరియా


నాచారం,
11 మార్చి 1999

గౌరవనీయులైన వదినగారికి,

వందనాలు. బజ్జీల బండి దగ్గర నిలబడిన మాట నిజం. మా బస్సు అక్కడే ఆగుతుంది. నా కోసం ఆర్టీసీవాళ్లు వేరే చోట ఆపరు.

మీరు చెప్పిన రాత్రే మీ తమ్ముడు బియ్యం అల్మారాకు తాళం వేశాడు. “అక్క పన్నెండేండ్ల సంది గిదే పని చేస్తున్నది. ఆమె లెక్క తప్పుతదా?” అన్నాడు. మరి నా లెక్క సంగతేమిటని అడిగాను. “నీ లెక్కల ఆకలున్నది. జర ఓర్సుకో, తాళంచెవి నా దగ్గర ఉంటది” అన్నాడు. తెల్లారేసరికి పక్కింటి దుర్గమ్మకు తెలిసిపోయింది. “ఏంది దానమ్మ, బియ్యానికి తాళమా? బంగారం గిట్ల కలిపినవా?” అని నవ్వింది.

మీరిచ్చిన త్రాసులోనే బియ్యం తూచి వండుకున్నాను. లావుగా ఉన్నప్పుడు లేని ఆకలి ఇప్పుడు ఉంది. అన్నం తిన్న గంటకే మళ్లీ అన్నం గుర్తొస్తుంది. అయినా తినలేదు.

ఫ్యాక్టరీలో నా పని కరెంటు మీటర్లను పరీక్షించడం. మీటరు ఎక్కువ తిరిగితే ఆ ఇంట్లో దొంగలున్నారని మేం రాయం. ముందు దాన్ని ప్రమాణ మీటరుతో పోల్చి చూస్తాం. ఆర్నెల్లకోసారి ఆ ప్రమాణ మీటరును కూడా పరీక్షకు పంపుతాం. మీ పట్టికను ఎవరు పరీక్షించారు? అది ఎప్పుడూ అరవై ఆరు దాటనివాళ్లను చూసి రాసిందా, ఎనభై నాలుగు నుంచి దిగినవాళ్లను చూసి రాసిందా?

నన్ను పది రోజులు మీ గదిలో పెట్టి తాళం వేయండి. మీ చేత్తోనే తూచి పెట్టండి. బరువు పెరగకపోతే నేనే దొంగను.

దానమ్మ


ఉప్పల్,
17 మార్చి 1999

ప్రియమైన దానమ్మకు,

మనుషులను బంధించి తూచడానికి నాకు అనుమతి లేదు. ఉన్నా ఇంటిమనిషిని తీసుకోను. తీసుకోవడమే నేను చేసిన తప్పు.

నీ ఆకలి అబద్ధమని నేను అనలేదు. గంజాయి తాగినవాడికి ఆకలి వేసినట్టే, మన ఒంట్లో తయారయ్యే ఒక పదార్థం కూడా తినమని తొందర పెడుతుంది. ఏడేళ్ల కింద దాన్ని కనిపెట్టినవాళ్లు ఆనందమైడ్ అని పేరు పెట్టారు. బరువు తగ్గిన ఒంట్లో అది ఎక్కువవుతుందేమోనని మా అనుమానం. ఎలుకల మీద చూస్తున్నాం. అయితే అది ఆకలి పుట్టించగలదు గాని, నీ చేత్తో ముద్ద కలిపించలేదు. అంత ఆకలి వేసిందని నువ్వే రాశావు. అంత ఆకలితో మనిషి తినకుండా ఉందంటే నేను నమ్మను.

పట్టికను తప్పుపట్టే చదువు నీకు లేదు. తాళం సంగతి మీ ఇద్దరిదీ.

విక్టోరియా


ఉప్పల్,
9 జూన్ 1999

ప్రియమైన దానమ్మకు,

మూడు నెలలుగా నువ్వు జవాబు రాయలేదు. చర్చిలో కనిపించినా పక్కకు తప్పుకున్నావు. అయినా ఇది నీకు తెలియాలి.

మా దగ్గర రెండు వరసల ఎలుకలున్నాయి. ఒక వరసవి లావెక్కి తగ్గినవి. రెండో వరసవి ఎప్పుడూ లావెక్కనివి. రెంటికీ ఒకే బరువు, ఒకే దాణా. తగ్గినవి మళ్లీ పెరగసాగాయి. బోన్లు చూసే హన్మయ్య ఎక్కువ వేస్తున్నాడని అతన్ని ఏప్రిల్‌లో పనిలోంచి తీసేశాను. తర్వాత ఐదు వారాలు గది తాళం నా దగ్గరే ఉంచుకుని దాణా నేనే తూచాను. అయినా పెరిగాయి.

అంటే బరువు తగ్గిన ఒళ్లు అదే బరువున్న మరో ఒంటికంటే తక్కువ ఖర్చు పెడుతోంది. ఆనందమైడ్ ఆకలిని పెంచడమే కాకుండా ఈ ఖర్చును కూడా తగ్గిస్తోందా అన్నది తేలలేదు. పట్టిక నీలాంటివాళ్లకు సరిపోదన్నది మాత్రం తేలింది. ఎలుకలు పుస్తకంలో అబద్ధం రాయలేవు కదా.

నా లెక్క తప్పు. సంజీవరావుకు కూడా రాస్తాను. నీ రక్తం నమూనాలు మళ్లీ కావాలి. అధ్యయనంలోకి తిరిగి రా.

విక్టోరియా


నాచారం,
13 జూన్ 1999

గౌరవనీయులైన వదినగారికి,

మీ తమ్ముడికి రాయనక్కర లేదు. అతనికి ఏప్రిల్‌లోనే తెలిసింది. తాళంచెవి అతని దగ్గర ఉన్నన్నాళ్లూ బియ్యం, పప్పు, నూనె అతనే తూచి ఇచ్చాడు. మీరు రాసిచ్చిన పంతొమ్మిది వందలకు ఒక్క చెంచా ఎక్కువ ఇవ్వలేదు. ఫ్యాక్టరీలో డబ్బా తప్ప ఇంకేమీ తినలేదని నా పక్క బల్ల శారదమ్మ రోజూ సంతకం పెట్టింది. నలభై రోజుల్లో కిలోన్నర పెరిగాను. ఆ రోజు మీ తమ్ముడు తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టాడు. “మస్తు తప్పు జేసిన” అన్నాడు. ఆ తర్వాత తాళం మళ్లీ వేయలేదు. మీకు మాత్రం చెప్పొద్దన్నాను. మీ అంతట మీరు ఎప్పుడు కనుక్కుంటారో చూద్దామనుకున్నాను.

మీరు ఎలుకలను నమ్మారు. అవి పెరగకపోయి ఉంటే నేను ఈ రోజుకూ దొంగనే.

ఉత్తరంలో హన్మయ్య సంగతి రెండు వాక్యాల్లో రాసి, తర్వాత మరిచిపోయారు. ఈ రోజు చర్చి అయ్యాక మీ తమ్ముడూ నేనూ దమ్మాయిగూడ వెళ్లి అతని ఇల్లు పట్టుకున్నాం. రెండు నెలలుగా ఇటుకలు మోస్తున్నాడు. “ఎలుకలకు దాణా ఎక్కువేస్తే నాకేమొస్తదమ్మా? అవేమన్న నా సుట్టాలా?” అన్నాడు. మీరు అతనికి ఉత్తరం రాయలేదు. అతనికి చదువు రాదని కాబోలు.

గురువారం ఉదయం ఏడింటికి అతన్ని వెంటబెట్టుకుని మీ గేటు దగ్గరికి వస్తాను. పరగడుపునే వస్తాను. ముందు అతని పేరు హాజరు పట్టీలో రాయండి. నా రక్తం ఆ తర్వాతే.

దానమ్మ,
మీటర్ల పరీక్ష విభాగం