కోయని కాయకూ పరీక్ష అయిందట

మంగళవారం, మే నెల

బాబాయి మామిడి కొట్టుకు నేను రాసిచ్చిన యాప్‌లో ఈ రోజు వచ్చిన ప్రతి కాయల లాటు పక్కనా ‘కార్బైడ్ పరీక్ష అయింది’ అని కనబడింది. కాయను కార్బైడ్ పెట్టి మగ్గబెట్టారేమో చూసే ఆ పరీక్ష నిజానికి చేసింది రెండింటికే. రికార్డులన్నీ ఒక్కొక్కటే తెరిచాను. ఆ రెండింటిలో తప్ప ఎక్కడా ఆ మాటే లేదు. అడిగితే మాత్రం ప్రతిదీ అవుననే అంటోంది. నాకే మతి పోయిందా?

“తల్లి చెట్టు చూశావా అమ్మా? అంటు మొక్కలన్నిటికీ ఒకే తెగులు కనబడితే మేం ముందు అక్కడికే పోతాం,” అన్నాడు బాబాయి.

చూశాను. తప్పు, అందరూ వాడుతున్నారని నేనే తెచ్చిపెట్టిన జావాస్క్రిప్ట్ లైబ్రరీది, అంటే ఎవరో రాసిపెట్టిన కోడ్‌ది. ఎవరో ఫారంలో నింపి పంపిన మాటను వాళ్ల రికార్డులో కాకుండా, అన్ని రికార్డులకూ మూలమైన ప్రోటోటైప్‌లో రాసేసింది; తనలో లేని మాట అడిగితే ఏ రికార్డైనా అక్కడ చూసే చెబుతుంది. తెలిసే పంపారా? మా కొట్టుతో వాళ్లకేం పని?

అనుమానంతో చాట్రాయి తోటకు కొత్త రికార్డు తెరిచాను. కాయ ఇంకా చెట్టు మీదే ఉంది. దానికీ పరీక్ష అయిందట!

సర్వర్ ఆపి మళ్లీ పెడితే అంతా మామూలైంది. బాబాయి నా వీపు తట్టాడు.

మధ్యాహ్నం లారీకి కాయ ఎక్కించినవాళ్లు ఆ స్క్రీన్ చూసే ఎక్కించారని ఆయనకింకా తట్టలేదు. నేనూ చెప్పలేదు.